ఏడో గరాటు మీద సుద్దరాత

ల్యూస్‌ఫోర్స్,
జనవరి 15, 1978

ఒరే తౌనో,

క్రిస్మస్ కార్డు అందింది. మంచులో ఒక గుర్రం, కింద నీ పేరు, అంతే. పన్నెండేళ్లు ఒకే కొలిమి ముందు చెమటోడ్చినవాళ్లం. నాకు రాయడానికి నీకు నాలుగు మాటలు కూడా దొరకలేదా? స్వెయా ఆ కార్డును అటూ ఇటూ తిప్పి, ఇంకో కాగితం ముక్క కవరులోనే ఉండిపోయిందేమో చూడమంది. పెళ్లాం మాట తీసెయ్యలేక చూశాను. లేదు.

ఇక్కడ బాగానే ఉన్నాం. సెప్టెంబరులో కాలిన నా కనుబొమ్మలు మళ్లీ మొలిచాయి, కాకపోతే తెల్లగా మొలిచాయి. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో మా నాన్న కనబడుతున్నాడు. మోకాలు షరా మామూలే.

పండక్కి స్వెయా పినతల్లి కూతురు వచ్చింది. పట్నం మనిషి. బావగారూ, ఇన్నేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో మీరు చేసేదేమిటి అని అడిగింది. ఓపిగ్గా చెప్పాను. ఇనప దిమ్మల్ని రోలర్ల కింద పెట్టి సాగదీసే ముందు ఎర్రగా కాచాలి. ఆ కాచే కొలిమిలో దిమ్మలు పట్టాల మీద మెల్లగా జరుగుతూ పోతాయి. ఆ పట్టాల్ని మొయ్యడానికి మంటల మధ్యలో పన్నెండు గొట్టాల కాళ్లు నిలబడి ఉంటాయి. వాటి లోపల ఎప్పుడూ చన్నీళ్లు పారుతుండాలి. పారినంతసేపే అవి నిలబడతాయి, ఆగాయంటే కొవ్వొత్తుల్లా వంగిపోతాయి. ఆ నీళ్లు బయటికొచ్చి పన్నెండు గరాట్లలో పడతాయి. షిఫ్టు ఎక్కగానే నేను ఒక్కో ధార కింద చెయ్యి పెట్టి, ఏ కాలు సుఖంగా ఉంది, ఏది వేడెక్కుతోంది అని చూస్తాను. అంతా విని ఆవిడ, "అయితే మీరు ప్లంబరన్నమాట" అంది. హెరింగ్ చేప గొంతుకి అడ్డం పడింది నాకు.

నవ్వావా? నవ్వితే రాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఏడో కాలు పగిలి నాలుగు నెలలైంది. కొలిమిలోకి నీళ్లు చిమ్మి, పట్టా కుంగి, పందొమ్మిది రోజులు పని ఆగిపోయింది, నిజమే. కానీ విచారణలో నువ్వు లేచి "అతుకు నాది, తప్పు నాది" అని రెండు ముక్కలు చెప్పి కూర్చోవడమేమిట్రా? వాళ్లు నీ వెల్డింగ్ సర్టిఫికెట్ అక్కడికక్కడే తీసేసుకున్నారు. వారం తిరక్కుండా నువ్వు పడవెక్కి ఫిన్లాండు వెళ్లిపోయావు. స్టేషనుకి వస్తానంటే వద్దన్నావు. నేనేం చేశానని వద్దన్నావు?

ఈ జూలై సెలవుల్లో కొలిమి చల్లార్చి నాలుగు కాళ్లు మారుస్తారు. నెలాఖరుకి నాకు రిటైర్మెంటు. నలభై ఏళ్ల పతకం కూడా ఇస్తారట. ఆ నాలుగు కాళ్లూ నువ్వు అతకగా చూసి ఇంటికి పోవాలని నా కోరిక. నీకంటే బాగా అతికే చెయ్యి ఈ జిల్లాలో లేదు. లిండ్‌మార్క్ ఫోర్‌మన్ అయ్యాక చెవులు సరిగా వినపడ్డం మానేశాయి కానీ, నేను గట్టిగా మాట్లాడతాను. నీ కాగితం నీకు వచ్చేలా చూస్తాను.

గరాట్ల మీద నీ సుద్దరాతలు లేక బోసిగా ఉంది. "మూడుకి నీళ్లు తక్కువ." "తొమ్మిది బాగుంది." "వదిన చేసిన రొట్టె నీ పెట్టెలో పెట్టాను." ప్రతి స్వీడిష్ మాటకీ చివర ఒక ఇకారం తగిలించేవాడివి. బ్యాంకుని పాంక్కి, గ్లాసుని లాసి అనే జాతి కదా మీది. ఇప్పుడు నా తరవాతి షిఫ్టువాడు ఏమీ రాయడు. ఒక్క ఇకారపు తోక కూడా లేదు.

స్వెయా నీకు ఊలు చేతితొడుగులు అల్లింది. వేరే పార్సెల్లో వస్తాయి.

నీ
హిల్డింగ్

*

అలాక్యులా,
ఫిబ్రవరి 5

హిల్డింగ్ అన్నా,

నవ్వాను. ప్లంబరు దగ్గర.

తొడుగులు అందాయి. కుడిచేతిది కొంచెం పెద్దది. వదినకి చెప్పకు.

నేను అక్క ఐలా దగ్గర ఉంటున్నాను. ఆవులు పదకొండు. పొద్దున పాలు పితికేటప్పుడు సాయం చేస్తాను. ఊళ్లోవాళ్లు చిల్లుపడ్డ పాల క్యాన్లు, విరిగిన ట్రాక్టరు ముక్కలు తెస్తారు. అతికి ఇస్తాను. శనివారం సౌనా గదిలో ఆవిరి స్నానం. మంచు నడుము దాకా ఉంది. ఇంతకంటే విశేషాలు లేవు.

ఒకటి ఉంది. మా నది మీద కొత్త వంతెన కడుతున్నారు. పని అడగడానికి వెళ్లాను. ముక్క ఇచ్చి అతకమన్నారు. అతికాను. మేస్త్రీ దాన్ని విరగ్గొట్టి చూడబోయాడు, విరగలేదు. తల ఊపాడు. తరవాత సర్టిఫికెట్ అడిగాడు. లేదన్నాను. ఎందుకు లేదన్నాడు. చెప్పాను. ముక్క నా చేతికి తిరిగిచ్చాడు. పద్దెనిమిదేళ్ల వయసు నుంచి చేస్తున్న పని అన్నా ఇది. నాకు ఇంకొకటి రాదు.

లిండ్‌మార్క్‌తో మాట్లాడొద్దు. నాకోసం నువ్వు ఎవరి ముందూ చేతులు కట్టుకోవద్దు.

నేను ఒక్కటి అడుగుతాను. విచారణలో అడగలేదు. కిందటి ఆగస్టు ఒకటో తారీకు, సోమవారం. కొలిమి మళ్లీ వెలిగించిన రోజు. పొద్దున నువ్వు గరాట్ల దగ్గరికి వెళ్లి ఉంటావు. ఏడో దాని దగ్గర ఏం చూశావు?

తౌనో

*

ల్యూస్‌ఫోర్స్,
ఫిబ్రవరి 26

ఒరే తౌనో,

నీ ఉత్తరం రెండు పేజీలు. నేను గోడకి తగిలించాలనుకున్నాను, స్వెయా వద్దంది. తొడుగు పెద్దదైన సంగతి నేను చెప్పలేదు, ఉత్తరం తనే చదివేసుకుంది. నీ కుడిచెయ్యి ఎడమచేతికంటే పెద్దదని తను అనుకుందట, ఎప్పుడూ దాంతోనే పని చేస్తావు కదా అని. చూడు, తప్పు తనది కాదు, నీ చేతిదే.

పదకొండు ఆవులా! నీ చేతులకి పాలు పితకడం అలవాటైతే మంచిదే, వేళ్లు మెత్తబడతాయి. మాకు ఇక్కడ క్రీము బన్నుల రోజు అయిపోయింది. నేను ఐదు తిన్నాను. డాక్టరు ఒకటి తినమన్నాడు, మిగిలిన నాలుగూ ఆయన ఆరోగ్యం కోసం తిన్నాను. చెరువు మీద మంచుకి కన్నం పెట్టి గాలం వేశాను, రెండు పెర్చ్ చేపలు పడ్డాయి. రోలింగ్ వాళ్లు యథాప్రకారం సణుగుతున్నారు. దిమ్మ పట్టా మీద ఆనినచోట నల్ల చార పడుతోందట, అది నా తప్పట. కింద నీళ్లు పారే పట్టా మీద ఆనితే ఆ చోట కొంచెం చల్లబడకుండా ఎలా ఉంటుంది? నలభై ఏళ్లుగా అదే చార, అదే సణుగుడు.

ఆగస్టు సంగతి అడిగావు. వెళ్లానురా. నేను వెళ్లని రోజుందా? పన్నెండు ధారల కిందా చెయ్యి పెట్టాను. ఇంకా వెలిగించలేదు కదా, అన్నీ నది నీళ్లంత చల్లగా ఉన్నాయి. ఏడు కూడా చల్లగానే ఉంది. అంతే.

పాతవి తవ్వుకుంటూ కూర్చోకు. జూలైకి వస్తావా రావా, అది రాయి. పైన గదిలో మంచం వేసే ఉంది.

నీ
హిల్డింగ్

తౌనోకి ఆశీస్సులు. కుడిచేతి తొడుగు తిరిగి పంపు, సరిచేస్తాను. ఇంకో మాట. ఈయన నీ ఉత్తరం మూడుసార్లు చదివి, పార పట్టుకుని మంచు తియ్యడానికి బయటికి వెళ్లారు. తియ్యాల్సిన మంచు పొద్దునే తీసేశారు. ఉత్త నేల గీకి వచ్చారు. ఏమైందని అడిగితే మోకాలు నొప్పి అన్నారు. - స్వెయా

*

అలాక్యులా,
మార్చి 19

హిల్డింగ్‌కి,

ఉత్తరం అందింది. చల్లగా ఉన్నాయని రాశావు. సరే.

జూలైకి వేరే మనిషిని చూసుకోండి. తొడుగు పంపిస్తున్నాను. తొందరేం లేదని వదినకి చెప్పు.

తౌనో

*

ల్యూస్‌ఫోర్స్,
ఏప్రిల్ 13

తౌనో,

ఈసారి ఉత్తరంలో "అన్నా" లేదు. చూశాను. మొదట నాకు కోపం వచ్చింది, ఈ ఫిన్లాండువాడికి ఇంత పొగరేమిటని. ఇప్పుడు ఆ మాట లేకపోవడమే నయం అనిపిస్తోంది. ఈ ఉత్తరం చదివాక నన్ను ఏమని పిలవాలో నువ్వే తేల్చుకో. స్వెయాకి నిన్న చెప్పాను. తను కాగితమూ కలమూ తెచ్చి ముందు పెట్టింది.

మన క్యాంటీన్‌కి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, కెర్తూ అని, మీ దేశం పిల్ల. సోమవారం కాఫీకి వరసలో నిలబడ్డాం. కూజా ఖాళీ అయింది. నా ముందు రోలింగ్ వాళ్ల ఫిన్లాండు కుర్రాడు ఏదో గదమాయిస్తే ఆ పిల్ల లోపల్నించి "హేతి, హేతి!" అని కేక వేసింది. నాకు నవ్వొచ్చింది. మా భాషలో హేత్ అంటే వేడి కదా, దానికీ తోక తగిలించిందనుకున్నాను. "అంత హేత్ వద్దమ్మా, నాలుక కాలుతుంది, మామూలుగా చాలు" అన్నాను. ఫిన్లాండు వాళ్లంతా పడీ పడీ నవ్వారు.

కెర్తూ కూజా తెచ్చి పోస్తూ, "వేడి కాదు పెద్దాయనా. మా భాషలో హేతి అంటే ఇప్పుడే, ఉన్నపళంగా అని" అంది.

కప్పు నా చేతిలోంచి జారింది తౌనో. కాఫీ అంతా బల్ల మీద పోయింది. పాపం ఆ పిల్ల నాకు గుండెనొప్పి వచ్చిందనుకుని కుర్చీ తెచ్చింది. నలుగురూ మూగి చొక్కా గుండీలు విప్పారు. నేను ఆ కుర్చీలో కూర్చుంటే కళ్ల ముందు ఏడో గరాటే కనబడుతోంది.

నువ్వు ఫిబ్రవరిలో అడిగిన దానికి ఇప్పుడు సమాధానం చెబుతున్నాను. ఆగస్టు ఒకటి పొద్దున ఏడో గరాటు మీద నీ చేతి సుద్దరాత ఉంది. పెద్ద అక్షరాలు, కింద రెండు గీతలు. "7 హేతి." నేను చదివాను. ఏడు వేడిగా ఉందంటాడేమిటి, ఇంకా కొలిమే వెలగలేదు కదా అనుకున్నాను. ధార కింద చెయ్యి పెడితే ఐసులా ఉంది. చల్లటి గరాటు మీద వేడి అని రాసి పోయాడు, నాతో వేళాకోళం ఆడుతున్నాడు అనుకున్నాను. ఎంతసేపూ నీ తోక గురించి నేను ఏడిపిస్తుంటాను కదా, దానికి బదులనుకున్నాను. గట్టిగా నవ్వాను కూడా. గరాట్ల కొత్త రంగు మీద గీతలు ఉంటే లిండ్‌మార్క్ గోల చేస్తాడని తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాను.

పన్నెండేళ్లు నీ పక్కన పనిచేసి నేను నీ భాషలో నేర్చుకున్నవి మూడే మాటలు. మూడూ స్వెయా ముందు అనకూడనివి. ఈ ఒక్కటి నేర్చుకుని ఉంటే ఏడో కాలు ఇంకా నిలబడి ఉండేది.

ఇంతవరకూ అయితే నాది తెలివితక్కువతనం, నువ్వు నవ్వి ఊరుకోగలవు. తరవాతది వేరు. ఏడు పగిలిన రోజు ఆవిరిలోంచి నన్ను బయటికి లాగుతుంటేనే నాకు ఆ రాత గుర్తొచ్చింది. అది ఊరికే వేడి అని రాసిందే కదా, దానికీ దీనికీ సంబంధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. విచారణలో ఒక్క మాట అంటే సరిపోయేది, ఇదిగో ఇతను నాకు ఏదో రాశాడు, నేను తుడిచాను అని. అనలేదు. బల్ల మీది నీళ్ల గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. రిటైర్మెంటుకి ఇంకా పది నెలలు, పతకం, లిండ్‌మార్క్ ముఖం, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. నువ్వు లేచి తప్పు నాది అన్నప్పుడు, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఊపిరి తేలికైంది.

రాత తప్పుగా చదివానంటే భాష రాక. నోరు మూసుకుని కూర్చున్నందుకు ఏ భాషనీ అనలేను. అది నేను చేసిన పని. మళ్లీ నువ్వు ఉత్తరంలో సూటిగా అడిగితే, చల్లగా ఉంది అని రాశాను. అబద్ధం కాకుండా అబద్ధం ఆడాను. దానికి సిగ్గేస్తోంది తౌనో.

ఆ మాట ఎందుకు రాశావో నాకు చెప్పాలి. ఏడు దగ్గర ఏం జరిగింది?

హిల్డింగ్

*

అలాక్యులా,
మే 1

అన్నా,

పన్నెండు రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. మొదటి రోజు నీకు బూతులు రాశాను, మన భాషలు రెండింటిలోనూ. అక్క చదివి పొయ్యిలో వేసింది.

ఏం జరిగిందో చెబుతాను. జూలై ముప్పై, శనివారం. మట్టి మేస్త్రీలకి సెలవు తొందర. ఏడో కాలు చుట్టూ నేను ముందు సగమే అతికాను, వాళ్లు వెనక సగానికి కొలిమి మట్టి పూసేశారు. మట్టి తియ్యండి, అతుకు పూర్తి కాలేదు అన్నాను. సోమవారం చూద్దాం అన్నారు, సామాను సర్దేసుకున్నారు. మిగిలిన సందులోకి అద్దం పెట్టి, అందులో చూస్తూ వెనకవైపు గుడ్డిగా అతికాను. అది నిలవదని నా చేతికి తెలుసు. లిండ్‌మార్క్ పడవేసుకుని చేపలకి వెళ్లాడు. నువ్వు సోమవారం దాకా రావు. సోమవారం మట్టి కొట్టించి మళ్లీ అతుకుదామనుకున్నాను.

అప్పుడు గేటు మనిషి టెలిగ్రాం తెచ్చాడు. అమ్మకి చివరి ఘడియలు అని. స్టాక్‌హోమ్‌లో సాయంత్రం పడవ. రైలుకి ఇరవై నిమిషాలు.

నువ్వు సోమవారం అందరికంటే ముందు గరాట్ల దగ్గరికే వెళ్తావని తెలుసు. సుద్ద తీసుకుని రాశాను. ఏడు, ఉన్నపళంగా చూడు అని. నేను స్వీడిష్‌లో రాశాననే అనుకున్నాను. నీ ఉత్తరం చదివేదాకా స్వీడిష్‌లో రాశాననే అనుకుంటున్నాను. పన్నెండేళ్లలో ఆ గరాట్ల మీద నేను ఒక్కసారి కూడా మా భాషలో రాయలేదు. ఆ రోజు అమ్మ దగ్గరికి పోతున్నాను కదా, చేతికి అమ్మ మాటే వచ్చినట్టుంది.

అమ్మని చూడగలిగాను. ఆగస్టు ఆఖర్లో తిరిగొచ్చాను. వచ్చీరాగానే గరాటు చూశాను, రాత లేదు. నువ్వు చూశావు, మట్టి కొట్టించావు, ఎవరిచేతో అతికించావు అనుకున్నాను. నిన్ను అడగాలని కూడా తోచలేదు. నువ్వు చూసి వదిలేస్తావని నేను కల్లో కూడా అనుకోను కదా.

ఏడు పగిలినప్పుడు అర్థమైంది, ఎవరూ ముట్టుకోలేదని. విచారణలో నీ వంక చూశాను. నువ్వు గ్లాసు వంక చూస్తున్నావు. నేను రాశాను అంటే నీ మీదికి వస్తుంది. నువ్వే అంటావని ఆగాను. అనలేదు. సర్టిఫికెట్ పోయినందుకు ఏడవలేదన్నా. నువ్వు చూసి కూడా తుడిచావని ఏడ్చాను. పడవ మీద, అందరి ముందూ. స్టేషనుకి అందుకే వద్దన్నాను.

ఇప్పుడు నిజం తెలిసింది. నిన్న సౌనాలో కూర్చుని ఉన్నాను. నువ్వు చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టి, హేతి అని చదువుకుని నవ్వడం కళ్లకి కట్టింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూ బల్ల మీంచి జారాను. అక్క బయట్నించి తలుపు కొట్టింది, పిచ్చెక్కిందా అని.

కోపం అంతా పోలేదు. నోరు మూసుకున్న దాని మీద ఉంది. ఇంకొన్నాళ్లు ఉంటుంది. ఉండనీ.

కానీ ఇది ఎవరికీ చెప్పకు. నీకు ఇంకా మూడు నెలలే. పతకం తీసుకో, వదిన పక్కన నిలబడి ఫొటో దిగు. వంతెన వాళ్లు ఎలాగూ మనుషుల్ని తీసేసుకున్నారు. నాకు పాల క్యాన్లు చాలు. నువ్వు నాకు చెప్పావు, అది చాలు.

తౌనో

*

ల్యూస్‌ఫోర్స్,
జూన్ 2

ఒరే తౌనో,

నీ ఉత్తరంలో "అన్నా" ఉంది. ముందు అది చూసి, తరవాత మిగతాది చదివాను. మీ అమ్మగారి సంగతి దగ్గర స్వెయా ఆపమంది. లేచి కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగించింది.

ఎవరికీ చెప్పొద్దన్నావు. నీ మాట ఎప్పుడు విన్నాను నేను? నీ ఉత్తరం వచ్చిన మర్నాడే లిండ్‌మార్క్ గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆయనకి చెవులు బాగానే వినపడ్డాయి. చదివింది నువ్వు, తుడిచింది నువ్వు, విచారణలో కూర్చుందీ నువ్వేనా అన్నాడు. నేనే అన్నాను. ఇంకోసారి చెప్పు అన్నాడు. ఇంకోసారి చెప్పాను. మూడోసారి యూనియన్ వాళ్ల ముందు, నాలుగోసారి పైవాళ్ల ముందు. నాలుగోసారికి నాకు బాగా అలవాటైపోయింది, నీ ఇకారం దగ్గర ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

సాక్ష్యం ఏమిటన్నారు. కెర్తూని పిలిచి ఆ మాటకి అర్థం చెప్పించాను. అది చాలదన్నారు. అప్పుడు నాకు తట్టింది. పగిలిన ఏడో కాలిని సెప్టెంబరులో కోసి పాత ఇనుము గుట్ట మీద పారేశారు, తరవాత మంచు కప్పేసింది. మంచు కరిగింది కదా. నేనూ లిండ్‌మార్కూ బూట్లు వేసుకుని వెళ్లి ఒకపూటంతా వెతికాం. అరవై నాలుగేళ్ల మోకాలితో ఆ గుట్ట ఎక్కాను, నువ్వు చూడాల్సింది. దొరికింది. అతుకు ముందు సగం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వెనక సగంలో, ఇనుముకీ ఇనుముకీ మధ్య, మట్టి ఉంది. నువ్వు అతుకు వెయ్యకముందే పూసిన మట్టి. లిండ్‌మార్క్ దాన్ని గోటితో గీకి, టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. "ఈ సందులో అద్దం పెట్టి ఇంత అతికాడా" అన్నాడు. అంతకంటే పొగడ్త ఆయన నోట ఈ జన్మకి రాదు.

నీ సర్టిఫికెట్ నీకు తిరిగిచ్చారు. నిన్నే సంతకమైంది. నాకు ఇస్తామన్నారు, మనిషి వచ్చి తీసుకుంటాడు అన్నాను. లిండ్‌మార్క్ బల్ల సొరుగులో ఉంది.

నా సంగతీ చెబుతాను, దాచడం మానేశాను కదా. పతకాల జాబితాలోంచి నా పేరు తీశారు. కొలిమి దగ్గరి నుంచి కూడా తీశారు, ఆఖరి వారాలు పనిముట్ల కొట్లో కూర్చోమన్నారు. నలభై ఏళ్లుగా రోజూ తడిసే చెయ్యి ఇప్పుడు పొద్దస్తమానం పొడిగా ఉంటోంది, వింతగా ఉంది. మొన్న ఆగలేక మధ్యాహ్నం కాఫీ వేళ గరాట్ల దగ్గరికి వెళ్లి పన్నెండింటి కిందా చెయ్యి పెట్టి వచ్చాను. లిండ్‌మార్క్ చూశాడు, చూడనట్టు అటు తిరిగాడు. పతకం పెట్టడానికని స్వెయా అల్మరాలో చోటు చేసి ఉంచింది. ఇప్పుడు అక్కడ నీ కుడిచేతి తొడుగు పెట్టింది. సరిచేసిందిలే.

బాధగా లేదా అని అడుగుతావు. ఉంది. కానీ పొద్దునే గడ్డం గీసుకుంటుంటే అద్దంలో మా నాన్న వంక తిన్నగా చూడగలుగుతున్నాను.

ఇక అసలు మాట. జూలై మూడున కొలిమి ఆర్పుతారు. నాలుగు కాళ్లు. మొదటిది ఏడు. పోయినేడాది హడావిడిగా బయటివాడిచేత అతికించారు కదా, అది ఇప్పటికే కన్నీళ్లు పెడుతోంది. ఈసారి నీ అతుకు పూర్తయిందని నువ్వు చెప్పేదాకా మట్టి మేస్త్రీలు కొలిమిలో అడుగు పెట్టకూడదని లిండ్‌మార్క్ కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నన్ను లోపలికి రానిస్తారో లేదో తెలియదు. రానివ్వకపోతే గరాట్ల దగ్గర నిలబడి నీళ్లు వదిలినప్పుడు మొదటి ధార కింద చెయ్యి పెడతాను. అది ఎవడు ఆపుతాడో చూస్తాను.

నేను నోరు మూసుకున్నందుకు కోపం ఇంకా ఉందని రాశావు. పట్టుకునే రా. పైన గదిలో దానికీ చోటుంది. వంటింట్లో కూర్చుని నన్ను తిట్టాల్సినంత తిట్టు, స్వెయా నీకు కాఫీ పోస్తూ ఉంటుంది.

ఎప్పుడు వస్తావు? ఈసారి ఏ భాషలో రాసినా ఫరవాలేదు. అర్థం కాకపోతే కెర్తూని అడుగుతాను.

నీ
హిల్డింగ్

*

టెలిగ్రాం
అలాక్యులా నుంచి ల్యూస్‌ఫోర్స్‌కి
జూన్ 8, 1978

హిల్డింగ్ అన్నకి

హేతి

ఈసారి తుడవకు

తౌనో